అమ్మోరి దీపం ఏ బ్యాటరీకి?

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా షాపు యజమాని నలుగురి ముందూ అనేవాడు. అనేవాడు గానీ, ఆ నాలుగో కాలేదో ఒక్కసారీ చూపించలేకపోయాడు. అందుకని నేను పని మానేదాకా మూడు కాళ్ల కుందేలుతోనే నడిచాను. ఇప్పుడు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కొన్ని చిన్న బోట్ల ముందు భాగంలో, అమ్మవారి పటం కింద, ఒక బుల్లి బ్యాటరీ కనిపిస్తుంది. అది ఏ కంపెనీ కాగితంలోనూ లేదు. అది నేను పెట్టింది. దాని వల్లే నా ఉద్యోగం పోయింది కూడా. ఈ రెండూ ఒకే గర్వంతో చెబుతున్నాను.

సాయంత్రం పూట మల్కాపురంలో మా ఇంటి అరుగు మీదికి కుర్రాళ్లు వస్తుంటారు. బోట్లలో జీపీఎస్‌లు, చేపలు చూపించే మిషన్లు, వైర్‌లెస్‌లు బిగించే పనిలోకి కొత్తగా దిగినవాళ్లు. వస్తూనే ఒకటే ప్రశ్న: "మాస్టారూ, ఈ బోటుకి ఎంత పెద్ద బ్యాటరీ పెట్టాలి?" ఆ ప్రశ్నే తప్పు నాయనా అంటే మొహాలు చిన్నబుచ్చుకుంటారు. మీకోసమే ఈ బోటు కథ. పేర్లు చెప్పను. అందరూ బతికే ఉన్నారు, అందరికీ నా అంత కోపమూ ఉంది.

అది చిన్న ఫైబర్ బోటు. దాని యజమాని చేపలమ్మే ఆవిడ. భర్త పోయాక బోటు అమ్మేసుకోమని సలహా చెప్పినవాళ్లందరినీ పేరుపేరునా తిట్టిపోసి, సొంత తమ్ముణ్ని సరంగుగా, అంటే బోటు నడిపేవాడిగా పెట్టుకుంది. హార్బర్‌లో అందరూ ఆమెను ఓనరమ్మ అనేవారు. ఎదురుగా మర్యాదకి అనేవారు, వెనకాల భయానికి అనేవారు.

ఆ బోటులో ముందు ఒకటే బ్యాటరీ ఉండేది. ఇంజిను సెల్ఫ్ స్టార్టు దాని మీదే. జీపీఎస్, చేపల మిషను, వైర్‌లెస్, లైట్లు, అందరి ఫోన్ల చార్జింగులు, పాటల డబ్బా, అన్నీ దాని మీదే. వల వేసి ఇంజిను ఆపి కూర్చున్నారు. మిషన్లు ఆన్‌లోనే ఉన్నాయి, పాటలు నడుస్తున్నాయి. తీరా వల లాగి బయల్దేరదామని తాళం తిప్పితే 'టిక్' అంది, అంతే. చేత్తో తిప్పితే లొంగే ఇంజిను కాదు అది. సాయం కోసం పిలుద్దామంటే వైర్‌లెస్‌కీ ప్రాణం లేదు, ఎందుకంటే దాని ప్రాణం కూడా అందులోనే ఉంది. ఇంజినూ మూగదే, మనుషులూ మూగవాళ్లే. నీళ్లు ఎటు తోస్తే అటు పోయారు. మర్నాడు ఎవరిదో పక్క ఊరి బోటు కనిపెట్టి, తాడు కట్టి లాక్కొచ్చింది.

ఓనరమ్మ రాత్రంతా జెట్టీ మీద కూర్చుని తడిసిన చీరతోనే మా షాపుకొచ్చింది. తమ్ముడు వెనకాల తల దించుకుని నిలబడ్డాడు.

మా యజమాని వెంటనే ఒక లారీ బ్యాటరీ మీద చెయ్యి వేశాడు. "ఇదిగోనమ్మా, ఉన్నదానికి రెండింతలు. ఇంకెప్పుడూ దిగదు."

నేను ఊరుకోవచ్చు. ఊరుకునే మనిషినైతే ఈపాటికి నాకే ఒక షాపు ఉండేది. "ఎంత పెద్ద కుండైనా ఖాళీ అవ్వడానికి ఒక్క చిల్లు చాలు. రేపు పాటలు రెండింతలు వింటారు, అంతే తేడా. రెండు బ్యాటరీలు వెయ్యాలి. ఒకటి ఇంజినుకి, ఒకటి మిషన్లకి. ఒకదాని చెయ్యి ఇంకొకదాని కంచంలో పడకూడదు" అన్నాను.

"ఒకే ఒరలో రెండు కత్తులు పెడతాడట" అని యజమాని నవ్వాడు.

ఓనరమ్మ నవ్వలేదు. "నాకు కత్తులొద్దు బాబూ. నా తమ్ముడు ఎనక్కి రావాల. నీటి మీదున్నోడు ఒడ్డుకి రావాల. దానికేటి సెయ్యాలో అది సెప్పండి" అంది.

అసలు మాట అదీ. బోటు మీద కరెంటు పని ఏదైనా ఈ ఒక్క మాట చుట్టూనే తిరగాలి. ఇంజిను తిరగాలి, లేదా గొంతు వినపడాలి. రెండూ ఒకేసారి పోకూడదు.

బ్యాటరీ ఎంచుకోవడం గురించి క్లుప్తంగా చెప్పేస్తాను, మీకు పనికొస్తుంది. ఇంజిను బ్యాటరీ పెళ్లిలో గుండిగ ఎత్తి దించే మనిషి లాంటిది. ఒక్క ఊపులో బలమంతా చూపించి కూర్చుంటుంది. మిషన్ల బ్యాటరీ ఇంట్లో రోజూ వండిపెట్టే మనిషి. కొంచెం కొంచెంగా పొద్దస్తమానం పెడుతూ ఉండాలి. ఒకరి పని ఒకరికి చెబితే ఇద్దరూ మంచాన పడతారు. ఇళ్లలో ఇన్వర్టరుకి వాడే పొడుగు బ్యాటరీ పెట్టమని సరంగు అడిగాడు. కెరటానికి బోటు ఒరిగితే అందులో యాసిడ్ ఎక్కడికి పోతుందో చెప్పు అన్నాను. లిథియం తేలిక, మంచిదే, కాదనను. కానీ మన ఇంజిను చార్జింగుకి అది నేరుగా కలవదు, మధ్యలో వేరే పరికరం కావాలి. అప్పట్లో మా హార్బర్‌లో అది చెడితే బాగుచేసే చెయ్యి లేదు. నీటి మీద చెడిన వస్తువు ఒడ్డున ఎంత గొప్పదైతే ఎవరిక్కావాలి? అందుకని మూత విప్పక్కర్లేని, నెమ్మదిగా దిగే రకం ఒకటి మిషన్లకి వేశాను.

అందరూ బిగించే తిప్పుడు స్విచ్చి నేను బిగించలేదు. అదేనండీ, ఒకటి, రెండు, రెండూ కలిపి అని ఉంటుంది చూశారా. 'రెండూ కలిపి' అనేది ఉన్నాక మనవాళ్ల చెయ్యి అక్కడే ఆగుతుంది. ఆగాక రెండు బ్యాటరీలు మళ్లీ ఒకటే. అందుకని ఒక రిలే పెట్టాను. ఇంజిను తిరుగుతున్నప్పుడు చార్జింగు రెండింటికీ పంచుతుంది, ఇంజిను ఆగగానే రెండింటినీ విడదీస్తుంది. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు. ఇంజిను బ్యాటరీ మీద ఎర్ర రంగుతో 'ఇంజిను మాత్రమే' అని రాశాను. ముందు భాగంలో గంగమ్మ తల్లి పటం దగ్గర వెలిగే ఎర్ర బల్బు వైరు కూడా పీకి మిషన్ల బ్యాటరీకే కలిపాను. మాత్రమే అంటే మాత్రమే.

బాగా నడిచింది. వేటకి వెళ్తున్నారు, వస్తున్నారు. నేను కాలరెగరేసుకుని తిరుగుతున్నాను.

తర్వాత వాయుగుండం హెచ్చరిక వచ్చింది. బోట్లన్నీ రోజుల తరబడి హార్బర్‌లోనే కట్టేసి ఉన్నాయి. హెచ్చరిక ఎత్తేశాక ఒక పొద్దున అన్ని బోట్లూ ఒక్కసారిగా బయల్దేరాయి. హార్బరంతా ఇంజిన్ల చప్పుడు. ఓనరమ్మ బోటు మాత్రం 'టిక్' అంది.

కబురు నాకంటే ముందు మా యజమానికి చేరింది. నేను వెళ్లేసరికి జెట్టీ మీద జనం పోగయ్యారు. "అదిగో, రెండు బ్యాటరీల మొనగాడు వచ్చాడు" అని ఎవరో అన్నారు. వేటకి వెళ్లాల్సినవాళ్లు కూడా ఆగి మరీ నవ్వారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, జెట్టీ మీద అందరూ చెప్పేవాళ్లే.

మీటరు పెట్టి చూశాను. మిషన్ల బ్యాటరీ నిండుగా ఉంది. ఇంజిను బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఇదెలా సాధ్యం? తల గోక్కుంటూ ముందుకు చూశాను. పట్టపగలు గంగమ్మ తల్లి పటం ముందు ఎర్ర బల్బు మసగ్గా వెలుగుతోంది. దాని వైరు పట్టుకుని వెనక్కి వెళితే, చక్కగా టేపు చుట్టి, ఇంజిను బ్యాటరీకి కలిపి ఉంది. నేను రాసిన ఎర్రక్షరాల మీద పసుపు మెత్తి, బొట్లు పెట్టి, పూలదండ వేసి ఉన్నారు. 'ఇంజిను మాత్రమే' కాస్తా పసుపు కింద నిద్రపోతోంది.

"ఎవడ్రా ఇది మార్చింది?" అని అరిచాను.

"నానే మార్సినాను బావ" అన్నాడు సరంగు, ఏమాత్రం తడబడకుండా. వరస లేకపోయినా నన్ను బావ అనే పిలిచేవాడు.

"ఎందుకు?"

"ఎందుకేటి? మొదటి సేప అమ్మోరికి, మొదటి కొబ్బరికాయ అమ్మోరికి. మరి దీపం రెండో బ్యాటరీకి తగిలిస్తారేటి? పాటల డబ్బా పక్కన అమ్మోరి దీపమా? నువ్వు తప్పు సేసినావని నలుగురికీ సెప్పలేదు, నానే సర్దీసినాను."

"సరే, బోటు ఒడ్డున కట్టేసినప్పుడైనా ఆర్పొచ్చు కదా!"

"బోటు ఒడ్డునుంటే అమ్మోరు సెలవెట్టీసి ఎల్లిపోద్దేటి బావ?"

కోపం వచ్చింది, చాలా వచ్చింది. కానీ ఆ కోపాన్ని అతని మీద పెట్టడానికి ఎక్కడా చోటు దొరకలేదు. నాకొక నియమం ఉంది, అతనికొక నియమం ఉంది. రెండూ అతను ఒడ్డుకు తిరిగి రావడానికే. నా నియమం వయసు నా సర్వీసంత. అతని నియమం వయసు ఎంతో అతని ముత్తాతకి కూడా తెలియదు.

మా యజమాని ముందుకొచ్చాడు. "మూఢనమ్మకాలకి మన పరువు పోతోంది. ఆ దీపం పీకేయించు. లేదంటే ఆ రెండో బ్యాటరీ పీకేసి నేను చెప్పిన లారీ బ్యాటరీ పెట్టు. ఇవాళే తేలాలి."

"దీపం లేకపోతే నాను ఎక్కను" అన్నాడు సరంగు.

"ఇంజిను మీద నమ్మకం లేకపోతే నాను ఎక్కనివ్వను. ఒకపాలి సాలు, నీ కోసం ఈ జెట్టీ మీద కూకుని ఏడిసింది" అంది ఓనరమ్మ.

బోటు అలా రెండు మాటల మధ్య ఇరుక్కుంది. పక్క బోట్లు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. అందరూ నా వైపే చూస్తున్నారు.

"దీపం పీకను. బ్యాటరీ పీకను. ఇంకొకటి పెడతాను. అమ్మోరికి సొంత బ్యాటరీ. దాని మీద ఇంజినుండదు, మిషనుండదు, పాటలుండవు. తల్లి ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు" అన్నాను.

జెట్టీ మీద అంతకుముందు కంటే పెద్ద నవ్వు. అందరికంటే గట్టిగా మా యజమాని నవ్వాడు. "ఏమయ్యా, మనది బ్యాటరీలు బిగించే షాపా, గుళ్లు కట్టే షాపా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఇలాంటి వేషాలు నా షాపు పేరు మీద వద్దు. మూడో బ్యాటరీ పెట్టావంటే నువ్వు నా దగ్గర మనిషివి కావు."

మీకు నీతులు చెప్పను. ఉద్యోగం వదులుకోమని ఎవరికీ సలహా ఇవ్వను. కానీ ఆ పొద్దున నాకు ఒకటి బాగా తెలుసు. ఆ సరంగు నియమాన్ని నవ్వి తీసిపారేస్తే, అతను మళ్లీ ఎవరూ చూడనప్పుడు దీపాన్ని 'మొదటి' బ్యాటరీకే కలుపుతాడు. మళ్లీ ఇంజిను ఆగుతుంది. ఈసారి ఒడ్డున కాదు, నడిసముద్రంలో. తెలిసి తెలిసి అతన్ని ఆ నీటి మీదికి పంపను. యజమాని కాదు, ఎవడు చెప్పినా పంపను.

నా పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాను. షాపు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. "గుడి కడుతున్నాను, కొబ్బరికాయ పట్టుకుని రండి" అన్నాను. ఆ మాటకి నేను ఇప్పటికీ ముచ్చటపడతాను.

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ, "పోనీలెండి. ఇకనైనా వంటింట్లో ట్యూబులైటు బాగుచేస్తారేమో" అంది. నలభై బోట్లకి దీపాలు పెట్టినవాడి వంటిల్లు చీకటిగానే ఉండేది మరి.

మూడో బ్యాటరీ అంటే పెద్ద ఘనకార్యమేమీ కాదు. స్కూటరుకి వాడే పాటి చిన్నది, పైకప్పు మీద పలకంత సోలారు ముక్క, పాత బల్బు స్థానంలో తక్కువ తాగే ఎల్ఈడీ. వాటిని తీసుకెళ్లేసరికి ఓనరమ్మ జెట్టీ మీదే ఉంది.

"మేస్త్రీ, ఒక మాట సెప్పు. ఈ మూడింట్లో మొదటిదేది?" అని అడిగింది.

"మీరే చెప్పండమ్మా."

ఆమె చిన్న బ్యాటరీని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. "ఇదే మొదటిది. ఒరే తమ్ముడూ, ఇన్నావా? ఇదే మొదటిది. మిగతావి దీని తరవాతే." సరంగు మొహం విచ్చుకుంది. ఆ రోజు నుంచి నా ఎర్రక్షరాల జోలికి ఎవరూ పోలేదు.

గొడవ అక్కడితో అయిపోలేదు. దాన్ని కూడా వెనకాల ఇంజిను దగ్గర పెట్టెలో, మిగతా రెండింటి పక్కన పెడదామనుకున్నాను. వైర్లు ఒకచోట ఉంటే పని శుభ్రంగా ఉంటుంది.

"అమ్మోరి వస్తువు ఇంజిను మడ్డిలో ఎడతావేటి? నీకు బుర్రున్నాదా? తల్లి కాళ్ల దగ్గర ఎట్టు" అంది.

"అక్కడ ఉప్పునీళ్లు చిమ్ముతాయమ్మా!"

"మూత ఎట్టు. అది కూడా నానే సెప్పాలేటి?"

గొణుక్కుంటూనే ముందు భాగంలో, పటం కింద, కప్పుకి దగ్గరగా ఎత్తులో ఒక చెక్క కొట్టి, ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి బిగించాను. ఇంత పొడుగు వైరు దండగ అని తిట్టుకున్నాను. ఆవిడ వినేలాగే తిట్టుకున్నాను.

షాపు వదిలేశాక హార్బర్ గేటు పక్కన ఒక టార్పాలిన్ కింద కూర్చుని నా పని నేను చేసుకున్నాను. కొందరు వెక్కిరించడానికి వచ్చేవారు, కొందరు పని పట్టుకుని వచ్చేవారు. వెక్కిరించడానికి వచ్చినవాళ్లకి కూడా టీ పోయించేవాణ్ని, ఎప్పటికైనా వాళ్ల బోట్లూ ఆగుతాయని తెలుసు.

ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. హెచ్చరిక లేదు, ఏమీ లేదు. చాలా బోట్లు నీటి మీదే ఉన్నాయి. ఓనరమ్మ జెట్టీ చివరికొచ్చి నిలబడింది. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. నేను కట్టిన వైర్లు ఒక్కొక్కటే మనసులో తడుముకుంటున్నాను, ఏది ఎక్కడ వదులైందోనని. భయపడ్డానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

బోట్లు వస్తున్నాయి. ఆమె బోటు రావడం లేదు. అంతలో వచ్చిన ఒక పెద్ద బోటులోంచి ఎవరో కేక వేశారు. "ఓనరమ్మా! మీ తమ్ముడి గొంతు వైర్‌లెస్‌లో ఇన్నాం! ఇంజిను పోనాదంట. మావోళ్ల బోటొకటి ఎల్లి తాడేసింది. తెత్తన్నారు!"

ఆమె అక్కడే జెట్టీ మీద చతికిలపడింది. నాకు మాత్రం ఒకటే గర్వం. ఇంజిను పోయినా గొంతు వచ్చింది, నా రెండో బ్యాటరీ నిలబడింది.

పొద్దు ఇంకా ఉండగానే తాడు చివర బోటు కనపడింది. వెనక భాగం నీళ్లతో నిండి బాగా దిగిపోయి ఉంది. లోపల మనుషులందరూ ఉన్నారు. ఓనరమ్మ ఒక్కొక్క తలా తడిమి చూసుకుంది. తమ్ముణ్ని ముందు ఒక చెంపదెబ్బ కొట్టి, తర్వాత పట్టుకుని ఏడ్చింది.

వెనక నుంచి కెరటం ఎక్కి ఇంజిను పెట్టె నిండిపోయిందని సరంగు చెప్పాడు. నేను వెళ్లి చూస్తే రెండు బ్యాటరీలూ, నా ముద్దుల రిలే, అన్నీ ఉప్పునీళ్లలో మునిగి ఉన్నాయి. ఎంత శుభ్రంగా ఒకచోట పెట్టానో అంత శుభ్రంగా ఒకేసారి పోయాయి. ఎర్రక్షరాలు మాత్రం నిక్షేపంగా కనిపిస్తున్నాయి. మరి గొంతు ఎలా వచ్చింది?

ఈలోపు ఓనరమ్మ బోటు ముందు భాగం వైపు చూసింది. "ఒరే, అమ్మోరి దీపమేది?"

పటం ఉంది, దండ ఉంది, దీపం లేదు. బల్బు వైరు తెగి వేలాడుతోంది. బుల్లి బ్యాటరీ నుంచి ఒక తడి తీగ, గుడ్డముక్కలతో కట్టినది, లోపల వైర్‌లెస్ దాకా వెళ్తోంది.

"నానే పీకీసినాను అప్పా" అన్నాడు సరంగు. కెరటానికి భయపడనివాడు అక్కకి భయపడి నిలబడ్డాడు. "ఎనకాల అన్నీ పోనాయి. అమ్మోరి బ్యాటరీ ఒక్కటే మిగిలింది. తల్లికి దండమెట్టి, దీపం తీసీసి వైర్‌లెస్‌కి కట్టినాను. తప్పు నాదే. మాకోసం అమ్మోరు సీకట్లో కూకుంది అప్పా."

నవ్వడానికి అలవాటుపడిన జెట్టీ అది. ఆ సాయంత్రం ఒక్కరూ నవ్వలేదు. మా పాత యజమాని కూడా జనంలో ఉన్నాడు, నేను చూశాను. ఆయన కొబ్బరికాయ తేలేదు గానీ, చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

నేను మునిగిన పెట్టె వైపు నడిచాను. ఇంజిను ఎంత పాడైందో, రిలే పనికొస్తుందో లేదో, ముందు నీళ్లు తోడించాలని హడావుడి పడుతున్నాను. వెనక నుంచి ఓనరమ్మ కేక వినిపించింది.

"మేస్త్రీ! ఎటెల్తన్నావ్? ఇంజిను ఎక్కడికీ పోదు. ముందు అమ్మోరి దీపం ఎలిగించు."

నా ఉద్యోగ జీవితంలో ఎదురుచెప్పకుండా చేసిన పని అదొక్కటే.